విమానం దిగాక చెప్పని సాక్ష్యం

జలుబు తగ్గినా సరే, ఆదివారం చర్చిలో లేచి దేవుడే తగ్గించాడని సాక్ష్యం చెప్పే మనిషి మా ఆయన. అలాంటి మనిషి చావు తప్పించుకుని వచ్చి నోరు విప్పకపోతే ఏ పెళ్లానికి అనుమానం రాదు?

మామూలు జీతగాళ్లు కూడా అప్పుడప్పుడే విమానాలెక్కుతున్న రోజులవి. కంపెనీ పంపిన ట్రైనింగ్ ముగించుకుని ఆయన హైదరాబాదు నుంచి విశాఖపట్నం వస్తున్నారు. దిగబోయే ముందు విమానం చక్రం కిందికి రాలేదట. చాలాసేపు గాల్లోనే తిరిగి, ఎమర్జెన్సీ ల్యాండింగ్ చేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అనకాపల్లిలో టీవీ ముందు నేను గచ్చు మీద కూలబడిపోయాను. ఆయన మాత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని "చారుందా?" అన్నారు.

చర్చి అయ్యగారు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించుకోమంటే ఈయన వాయిదా వేశారు. సాక్ష్యం చెప్పమంటే గొంతు బాగోలేదన్నారు. ఆ గొంతుతోనే ఇంట్లో పిల్లల మీద కేకలు! పక్క సీట్లో ఎవరు కూర్చున్నారని మాటవరసకి అడిగాను. "ఎవరో" అని మొహం తిప్పుకున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఎవతో ఉందని నాకు రూఢి అయిపోయింది.

ఓరోజు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు సెల్లు మోగింది. ఎవరో మగమనిషి.

"ఉప్మాక నుంచమ్మా. శనివారం తప్పకుండా రమ్మన్నానని సెప్పండి."

పెట్టేశాడు. అన్నో, తమ్ముడో అయ్యుంటాడు దానికి! ఫోనొచ్చిందని నేను చెప్పలేదు. శనివారం ఓవర్‌టైమని ఆయన బయల్దేరారు. వెనక బస్సెక్కి నక్కపల్లిలో దిగి, ఆటోలో ఉప్మాక చేరేదాకా ఆవిడకి పెట్టాల్సిన తిట్లన్నీ వరసపెట్టుకున్నాను.

అక్కడ వెంకన్న గుడి బయట మా ఆయన ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఎవరిదో సంచి, కాళ్ల దగ్గర ఎవరివో మగ చెప్పులు. నన్ను చూసి సంచితో సహా లేచారు.

"ఎవత్తది?" అన్నాను.

"ఎవత్తేటే! పక్కసీటాయనవి ఈ సెప్పులు. బతికి దిగితే తలనీలాలిత్తానని మొక్కేడు. నన్ను కూడా రమ్మన్నాడు. ఎలా కాదంటాను?"

"మరి దాపరికమెందుకు?"

ఆయన సంచి కింద పెట్టారు.

"దిగేముందు అందర్నీ తల వంచుకోమన్నారే. పార్థన సేద్దామంటే ఒక్క మాట రాలేదు. ఈయన నా సెయ్యట్టుకుని గోవిందా అన్నాడు. నేనూ అన్నాను. విమానం నేలకి తగిలేదాకా అదే అన్నాను. ఇంక ఏ మొహంతో సాక్ష్యం సెప్పమంటావు?"

ఆడమనిషి లేదని నాకు ముందు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది. నాకు చెప్పుకోకూడదా? నేనేమైనా సంఘపెద్దనా? అదే అడగబోయాను. ఇంతలో గుండుకి గంధం రాసుకుని ఆ పెద్దాయన వచ్చాడు. ఒక చేతిలో ప్రసాదం, ఇంకో చేతిలో అరటిపళ్లు. పళ్లు నాకిచ్చాడు.

"పెసాదం మీరు తినరు గదమ్మా. ఇవి కొట్లో కొన్నవే, గుళ్లోకి తీసుకెళ్లలేదు."

బస్సులో ఆ పళ్లు తింటూ ఇంటికొచ్చాం. మర్నాడు చర్చిలో, ఎవరూ అడక్కుండానే ఆయన లేచారు.

"విమానం దిగినప్పుడు నాకు పార్థన రాలేదండి. పక్కసీటాయన ఆయన దేవుణ్ణి పిలిత్తే, నేనూ కలిసి పిలిచేను. ఆయన నా సెయ్యి ఒదల్లేదు."

కూర్చున్నారు. ఇన్నాళ్లూ నేను చూసిన అనుమానపు చూపే ఇప్పుడు అందరి కళ్లలోనూ ఉంది. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. నేను మా ఆయన చెయ్యి పట్టుకుని, అందరికీ వినబడేలా "ఆమెన్" అన్నాను.