విరగని చేతికి కట్టు

దెయ్యాలు లేవని నాకు తెలిసినంత గట్టిగా మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఎందుకంటే వాటిలో సగం నేను పుట్టించినవే. పాకాల స్టేషన్లో టీ అడిగే తలలేని గార్డు కూడా నా సరుకే. కాబట్టి ఇది చదివి నవ్వేవాళ్లను తప్పుపట్టను. ఇదొక్కటి మాత్రం నేను కల్పించలేదు.

మాది పుత్తూరు పక్క పల్లె. మా నాయన నలభై ఏళ్లు విరిగిన ఎముకలకు కట్లు కట్టాడు. ఎక్స్‌రే అడగడు. కళ్లు మూసుకుని తడుముతాడు. విరిగినచోట వేళ్లు ఆగుతాయి. అంతే.

నిరుడు ఆ వేళ్లు వణకడం మొదలైంది. అడుగులు చిన్నవయ్యాయి. చెంబు చేతిలోనే పెట్టుకుని దాని పేరు కోసం వెతుక్కునేవాడు. తిరుపతిలో నరాల డాక్టరుకు చూపిస్తే మెదడు స్కాన్ తీయించమన్నారు. లేనివి ఉన్నట్టు ఏమైనా చెబుతున్నారా అని కూడా అడిగారు. లేదన్నాను. అప్పటికి అది నిజమే.

స్కానుకు వెళ్లాల్సిన రోజు పొద్దున నేను ఆయన చొక్కా గుండీలు పెడుతుంటే, నాయన నా ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. ఆయన వణుకు ఆగిపోయింది.

"రేయ్, ఇరిగిండాది గదరా. ఇట్టనే తిరగతా ఉండావా?"

"నేను యాడ పడినాను నాయనా?"

"నన్నడగతావేందిరా? నా చేతి ఏళ్లు చెప్తా ఉండాయి."

అమ్మ వంటింట్లోంచి అందుకుంది. "వాడికి నోరిరిగినా బాగుండు, ఊరు నెమ్మదిగా పడుకుంటాది."

నాకు నవ్వు రాలేదు. డాక్టరు అడిగింది ఇదే కదా అనుకున్నాను. కాదంటే కోప్పడతాడని కట్టించుకున్నాను. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. పనంతా ఒక్క తప్పు లేకుండా చేశాడు.

ఆస్పత్రి వరండాలో ఆ కట్టు విప్పి సంచిలో దాచాను. డాక్టరు చూస్తే జబ్బు ఖాయం చేసేస్తారని భయం.

స్కాన్ అయింది. పట్టపగలు. మెట్లు పొడిగా ఉన్నాయి, పక్కన తోసేవాళ్లు ఎవరూ లేరు. దిగుతూ దిగుతూ పడ్డాను. ఎడమ చెయ్యి నేలకు ఆనింది.

అక్కడే ఎక్స్‌రే తీశారు. మణికట్టుకు రెండంగుళాల పైన పగులు. చర్మం మీద పసరు మరక ఇంకా పోలేదు. పగులు సరిగ్గా దాని కిందే ఉంది.

నాయన ఆశ్చర్యపోలేదు. "కట్టు ఎవురు ఇప్పినారు?" అని మాత్రం అడిగాడు.

సిగ్గుపడకుండా చెబుతాను, ఆ నొప్పిలోనే సంబరపడ్డాను. ఆయన చెప్పింది నిజమైందంటే మెదడు బాగున్నట్టే కదా! దెయ్యమైనా, గాలి అయినా సరే, జబ్బు కాకపోతే చాలని మొక్కుకున్నాను.

రిపోర్టు వచ్చింది. జబ్బు ఉంది. ముందు మాటలు పోతాయన్నారు. అన్నట్టే పోతున్నాయి.

నా చెయ్యి అతుక్కుంది. విరగని ఎముక ఆ వేళ్లకు ఎలా తెలిసిందో డాక్టరును అడగలేదు. అడిగినా ఏమని అడగను?

మొన్న నేను అన్నం తింటుంటే నాయన వెనక నిలబడి నా మెడ తడిమాడు. వణుకు లేదు. వేళ్లు ఒకచోట ఆగాయి. నోరు తెరిచాడు. ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు ఎదురుచూశాను. మాట రాలేదు.

చెప్పడానికి ఏమీ లేకనో, చెప్పే మాట దొరక్కనో, నాకు ఇప్పటికీ తెలియదు.