పదివేల ఏడు

పదివేల ఏడును ఒకటీ, అదీ తప్ప మరే సంఖ్యా శేషం లేకుండా భాగించదు. అయిదంకెల ప్రధాన సంఖ్యల్లో అదే అన్నిటికన్నా చిన్నది. నాకది చిన్నప్పటి నుంచీ తెలుసు. పదో తరగతి చదువుతున్న మా అక్క, నా నస భరించలేక, ఏది దాన్ని భాగిస్తుందో కనుక్కురమ్మని ఆ సంఖ్యను నా నెత్తిన వేసింది.

తమిళనాడు గుడియాత్తంలో మా నాయన లుంగీల అంగట్లో కూచుని ఆ వేసవంతా భాగించాను. ఏడు, పదకొండు, పదమూడు... నూరు దాటాను, మూడువందలు కూడా దాటాను. నూరు దాటాక చూడనక్కర్లేదని అక్కకు మొదటిరోజే తెలుసు. చెప్పలేదు. అదో రకం మనిషి.

తర్వాత ఆమె లెక్కల టీచరయింది. పోయినేడు పక్షవాతమొచ్చి వేలూరు ఆసుపత్రిలో చేరింది. చెయ్యి కదిలింది, మాట తిరిగింది, లెక్క మాత్రం రాలేదు. అక్కడ మాటా లెక్కా మళ్లీ నేర్పించే అమ్మాయి తమిళంలో చిన్న చిన్న కూడికలు అడిగితే గోడకేసి చూసేది. బతుకంతా తమిళంలోనే పాఠాలు చెప్పిన మనిషి.

"లెక్క రాకుంటే ఇంక బడికి పోను. రాజీనామా రాసిచ్చేస్తా," అంది నాతో. అన్నంత పనీ చేసే రకం. నాకు భయం వేసింది.

ఒక సాయంత్రం ఊరికే తెలుగులో అడిగాను, ఏడెనిమిదులు ఎంతని. యాభయ్యారు అంది. ఎక్కాలు మాకు నాయన నోట తెలుగులోనే వచ్చాయి. తమిళం బడికెళ్లాక వచ్చింది. ఆమెకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేనూ నలభై దాటాకే నేర్చుకున్నాను.

మర్నాడు పదివేల ఏడు ఇచ్చాను. ఏడుతో పోతుందంది. సరిదిద్దకుండా ఊరుకున్నాను. రెండురోజుల తర్వాత తనే, నాలుగు మిగులుతుందని చెప్పింది. అక్కడి నుంచి మెల్లగా ముందుకు జరిగాం. ఆసుపత్రి నుంచి పంపించాక సత్తువాచారిలో మా ఇంట్లోనే ఉంది. కూరగాయలు తరుగుతూ ఒక్కో సంఖ్యే పట్టేది.

తొంభైయేడు దగ్గర పదహారు మిగులుతుందంది. సరిగ్గానే చెప్పింది. కానీ శేషాలు నా ఫోనూ చెబుతుంది. టీచరు తిరిగొచ్చిందో లేదో నాకు తెలియాలి. ఏమీ తెలియనట్టు అడిగాను.

"నూటొకటితో చూద్దామా అక్కా?"

కత్తి పక్కన పెట్టి నాకేసి చూసింది.

"దేనికప్పా? నూటొకటితో పోయేదుంటే, దాని జత నూరుకు లోపలే ఉండాల. నూరుకు లోపల ఉండేవంతా చూసేసినాం కదా." మళ్లీ వంకాయ చేతిలోకి తీసుకుంది. "ఏం నాయనా, నువ్వింకా ఆ అంగట్లో కూచోని నూరు దాటి పోతానే ఉండావా?"

కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్లి, కొళాయి తిప్పి కాసేపు ఏడ్చాను.