నాలుగు వైపులా అద్దం

మా ఎదురింటాయన షాపులకు షోకేసులు కడతాడు. వీధిలో అందరూ అద్దాలాయన అంటారు. లోపల పెట్టింది వాచీ అయినా, చెప్పుల జత అయినా, దారిన పోయేవాళ్లు ఆగి చూడాలి. అదీ ఆయన పనితనం. ఆయన తుడిచిన అద్దం ఉందో లేదో తెలియక నేనే ఒకసారి ముక్కు చితగ్గొట్టుకున్నాను.

ఆయన కూతురు ఒక కొండచిలువ పిల్లను తెచ్చుకుంది. బాల్ పైథాన్ అంటారట. మూరెడు పొడవు, బొటనవేలంత లావు, విషం లేదు. ఉద్యోగ శిక్షణకని వేరే ఊరు వెళ్తూ తండ్రికి అప్పగించింది.

"చిన్న పెట్టె చాలు నాన్నా. మూడు వైపులా మూసెయ్. దాక్కోడానికి రెండు గూళ్లు పెట్టు."

"షోకేసుల సంగతి నాకు చెప్తున్నావా తల్లీ!" అని ఆయన నవ్వేశాడు.

కట్టాడు మహానుభావుడు! బీరువాను పడుకోబెట్టినంత పొడవు. నాలుగు వైపులా అద్దం, పైన నగల షాపు బల్బులు, కింద తెల్లటి గులకరాళ్లు. వీధి వీధినంతా పిలిచాడు. అందరికన్నా ముందు వెళ్లింది ఎవరో వేరే చెప్పాలా?

"ఏమయ్యా మరిదీ, ఇలాంటి ఇల్లు నాకొకటి కట్టకూడదూ?" అన్నాను.

"నువ్వు పట్టవు వదినా, అద్దం పగిలిపోతుంది."

పాము మాత్రం ఓ మూల ముద్దలా చుట్టుకుని, తలను లోపల దాచుకుంది. "ముఖం చూపించవే" అంటూ తలా ఒకసారి అద్దం మీద కొట్టి వచ్చాం.

ఎలుకపిల్లను పెడితే అది ముట్టలేదు. తర్వాతి వారం పెట్టినా ముట్టలేదు. ఆ పై వారమూ అంతే. వీపు మీద ఎముక గీతలా తేలింది. అప్పటినుంచి ఆయన తలుపు సగమే తెరిచి "నిద్రపోతోంది వదినా" అనేవాడు. ఊరుకుంటానా, ఆ సగంలోంచే దూరి వెళ్లాను. సరిగ్గా అప్పుడే కూతురి ఫోను వచ్చింది. "బాగుందమ్మా, బాగా తింటోంది" అన్నాడు. ఫోను పెట్టాక నా వంక చూడకుండా అద్దం తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

"ఎన్నాళ్లు బొంకుతావయ్యా?"

"ఏమని చెప్పను వదినా? 'నీ మాట చెవిన పెట్టలేదమ్మా' అని చెప్పనా? బతుకంతా ఇదే పని చేసి, మూరెడు పురుగుకి గూడు కట్టడం చేతకాలేదని చెప్పనా?"

"అది చచ్చాక చెప్తావా మరి?"

తుడిచే గుడ్డ పక్కన పడేసి, స్పీకరు పెట్టి తనే ఫోను చేశాడు. అబద్ధంతో సహా అంతా చెప్పాడు. ఆ పిల్ల తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ పిల్ల మెల్లగా ఒక్కొక్కటే చెప్పింది: బల్బులు తీసెయ్. అడ్డు పెట్టి చోటు తగ్గించు. ఒక చివర కింద వేడి పట్టా పరిచి, వేడి మీరకుండా చూసే మీటరు తగిలించు. ఆ చివర ఒక గూడు, చల్లటి చివర ఒక గూడు పెట్టు. ఒళ్లు గోడలకు తగిలేంత ఇరుకుగా ఉండాలి. నీళ్ల గిన్నె పెట్టు.

"చిన్నది కదా నాన్నా, ఖాళీ చోటు చూస్తే దానికి భయం. అందరూ చూస్తుంటే ఎలా తింటుంది?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను నేల చూపులు చూశాను.

తన చేత్తో మెరిపించిన అద్దానికి తనే జిగురు పూసి నల్ల కాగితం అంటించాడు. నేను కాగితం పట్టుకున్నాను.

"ముందు వైపు కూడా గుడ్డ వేస్తాను."

"మరి నేను చూడొద్దూ?"

"నువ్వు చూస్తావనే."

దాన్ని కొన్నాళ్లు కదిలించకుండా వదిలేసి, ఒక సాయంత్రం ఎలుకపిల్లను గూడు ముందు పెట్టి గది తలుపు మూశాం. తెల్లారి చూస్తే ఎలుకపిల్ల లేదు. గూట్లో పాము పొట్ట ఉబ్బి ఉంది. నేను కేక వేయబోతే ఆయన వేలితో వారించాడు. కూతురికి చెప్పి, చొక్కా తొడుక్కుని, పక్కింటి టైలరు దగ్గరికి నడిచాడు. నేనూ వెంటపడ్డాను.

"నా తప్పే. పాపం దాన్ని ఆకలికి మాడ్చాను. ఇక ఎవరికీ చూపించను" అన్నాడు తల దించుకుని. తర్వాత బేకరీలోనూ అదే మాట. అక్కడినుంచి వీధి చివరి ఇంటి ముసలాయన దగ్గరికి బయలుదేరాడు.

"చాల్లేవయ్యా, ఎంతమందికి చెప్తావు?" అన్నాను.

"ఎంతమందిని పిలిచానో అంతమందికీ వదినా."