నాలుగు పట్లు

మా ఇంట్లో హార్మోనియం ఉండేది. నాకు పాటలు వాయించడం రాదు. ఎడమ చేత్తో తిత్తి ఆడిస్తూ, కుడి చేత్తో మూడు మెట్లు ఒకేసారి నొక్కి ఉంచడం మాత్రం వచ్చు. కరీంనగర్ మిషన్ బడిలో చదివిన రోజుల్లో చూసి నేర్చుకున్నాను. అలా మూడు మెట్లు కలిపి నొక్కడాన్ని మేము పట్టు అనేవాళ్లం. నాకు వచ్చినవి నాలుగు పట్లు. నాలుగూ తెల్ల మెట్ల మీదివే, నల్ల మెట్టు జోలికి పోయే అవసరం లేనివి.

కాగజ్‌నగర్‌లో బడిపంతులుగా పని దొరికాక పెళ్లయింది. నిజాం కాలంలో ఉర్దూలో చెప్పిన పాఠాలనే తెలుగులో చెప్పడం అప్పుడప్పుడే అలవాటు చేసుకుంటున్నాను. నా భార్యది ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ ఒడ్డున ఉన్న ఊరు. వాళ్ల ఇంట్లో తెలుగూ మరాఠీ కలిపి మాట్లాడతారు. తల్లిని ఆయీ అంటారు, అమ్మమ్మను ఆజీ అంటారు. మొదటి ఏడాది ఆమె మాటల్లో సగం నాకు అర్థం కాలేదు. ఆమె పాటలు ఎప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

ఆమె పాడేది ఇసుర్రాయి దగ్గరే. వాళ్ల వైపు ఆడవాళ్లు జొన్నలు విసురుతూ పాడే పాటను ఓవి అంటారు. అన్న పేరో, తల్లి పేరో, పుట్టింటి దారిలో వచ్చే వాగు పేరో పెట్టుకుని ఎవరికి వారు కట్టుకుంటూ పోయే పాట అది. నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె జొన్నలు పోసుకుని కూర్చునేది. ఎదురుగా మంచం మీద నేను హార్మోనియం పెట్టె ముందు పెట్టుకునేవాణ్ణి. ఆమె రెండు మూడు చరణాలు పాడాక నేను నా పట్లు అందుకునేవాణ్ణి. ఒక పట్టు మీద కాసేపు ఉండి, ఇంకో దాని మీదికి పోయేవాణ్ణి. నేను మారినప్పుడు పాట కూడా ఎటో ఒరిగేది. నేను పాట వెంట పోతున్నాననుకునేవాణ్ణి.

పక్కింటామె ఒకసారి గోడ మీంచి చూసి అడిగింది.

"ఏందమ్మా, నువ్వు చెమటలు కక్కుకుంట ఇసురుతుంటె మీ ఆయన కూసోని పెట్టె వాయిస్తుండు?"

"ఆయన వాయిస్తెనే నాకు చెయ్యి తిరుగుతది వదినా. కావాల్నంటె రేపు మీ ఇంటికి తోలిస్త."

"అద్దు తల్లీ, మా ఆయన గురకనే మస్తు అయితున్నది."

ఆ పాటకు ముగింపు లేదు. గింజలు అయిపోయిన చోట అది ఆగేది. చరణం సగంలో ఉన్నా, మాట సగంలో ఉన్నా సరే. ఒకసారి నేను, అదేమిటి, ముగించవా అన్నాను. "పిండి అయ్యింది గద, ఇగ పాటెందుకు?" అని చీపురు కట్టతో పిండి దగ్గరకు ఊడ్చుకుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు, వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. మొదట కషాయాలు, తర్వాత సూదులు. చివరికి రైల్లో మంచిర్యాల ఆసుపత్రికి తీసుకుపోయాను. ఏం జ్వరమో ఎవరూ తేల్చలేదు. అక్కడే పోయింది. మా అమ్మాయికి అప్పటికి మాటలు సరిగ్గా రాలేదు.

నా అక్క మా ఊరి నుంచి వచ్చి అమ్మాయిని పెంచింది. బజారులో పిండి గిర్ని పెట్టారు. ఇసుర్రాయి తలుపు చాటుకు చేరింది. పెట్టెకు గుడ్డ కప్పాను. ఇవేవీ నేను ఆలోచించి చేసినవి కావు. రోజులు గడిచాయి, అవి అలా జరిగాయి.

అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం వాళ్లమ్మ గురించి అడిగింది. "బాపూ, అవ్వ పాడేదంట గద. ఏం పాట?"

పక్కింటామె చెప్పి ఉంటుంది. నేను గుర్తు చేసుకోబోయాను. ఒక్క మాట గుర్తు రాలేదు. ఒక్క వరుస గుర్తు రాలేదు. ఆమె చెయ్యి తిరగడం, గాజులు మోచేతి వైపు జారడం గుర్తున్నాయి. గొంతు లేదు. పెట్టె తీశాను. వేళ్లు వాటంతట అవే మొదటి పట్టు మీద పడ్డాయి. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. ఏది ఎంతసేపు ఉండాలో కూడా చేతికి తెలుసు. అమ్మాయి చివరిదాకా విన్నది.

"గిది పెట్టె సప్పుడు. పాట యాడున్నది?"

ఆ ప్రశ్నతో నాకు పని దొరికింది. నేను సంగీతం గురించి పుస్తకాల్లో చదివాను. షడ్జమం ఏ మెట్టో తెలిస్తే గాని మిగతా స్వరాలకు పేర్లు పెట్టలేం. పాట ఏ మెట్టు దగ్గర మొదలై ఏ మెట్టు దగ్గర కుదుటపడేదో కనుక్కుంటే, అక్కడి నుంచి ఒక్కొక్క స్వరం వెతుక్కుంటూ పోవచ్చు. అమ్మాయికి తల్లి గొంతు ఇవ్వలేను, తల్లి పాటైనా ఇవ్వవచ్చు. ఆధారం నా చేతిలోనే ఉంది, నాలుగు పట్లు. పాట ఏ స్వరాల మీదుగా పోయిందో ఆ స్వరాలు వాటిలో ఉండి తీరాలి అనుకున్నాను.

మంచిర్యాలలో రైల్వే టికెట్లిచ్చే గుమాస్తా ఒకాయన ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయిస్తాడని తెలిసి వెళ్లాను. ఆయనది కోస్తా. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించి, నా పట్లు రెండుసార్లు వాయించమన్నాడు.

"ఇది తేలిక పనే మాస్టారూ. పాటకు ఒక ఇల్లుంటుంది. ఎక్కడెక్కడ తిరిగినా అక్కడికే వస్తుంది. పట్లన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఆ ఇల్లేదో దొరుకుతుంది. మీకు నల్ల మెట్టు ఒక్కటీ లేదు. కాబట్టి రెండే ఇళ్లు. ఇదిగో ఇదొకటి." ఒక తెల్ల మెట్టు నొక్కాడు. "లేదా దీనికి కిందుగా ఇది. మొదటిదైతే మేజర్ అంటాం, మనసు తేలిగ్గా ఉంటుంది. రెండోదైతే మైనర్, కొంచెం దిగులు. మెట్లు అవే, పట్లు అవే. పాట దేని మీద ఆగితే అదే ఇల్లు. దేని మీద ఆగేది?"

"ఆగేది కాదండి."

"ప్రతి పాటా ఎక్కడో ఆగాలిగా."

"జొన్నలు అయిపోయినప్పుడు ఆగేది."

ఆయన నవ్వబోయి నా ముఖం చూసి మానుకున్నాడు.

"పోనీ, దేంతో మొదలయ్యేది?"

"మొదలయ్యాకే నేను అందుకునేవాణ్ణి."

"ఆవిడ శ్రుతి దేంతో పెట్టుకునేవారు?"

"ఇసుర్రాయితో."

ఆయన పెట్టె తనవైపు లాక్కున్నాడు. తర్వాత నా నాలుగు పట్లనే తను వాయించి, చివర మొదటి ఇంటికి తెచ్చి ఆపాడు. "నా మాట విని ఇదే అనుకోండి. ఈ నాలుగూ ఈ వరుసలో వస్తే చేతులు దీని మీదికే పోతాయి. నాకు అలవాటైన దారే ఇది." చాలా చక్కగా ఆగింది. ప్రార్థన అయిపోయి అందరూ లేచి నిలబడేటప్పుడు ఆగినట్టు ఆగింది. అది ఆమెది కాదని మాత్రం నాకు తెలిసింది. ఎందుకు కాదో చెప్పలేకపోయాను.

అప్పుడు మిగిలింది ఒక్కరే. మా అత్త. ఆమె బతికే ఉంది, ఆమె ఊళ్లో గిర్ని లేదు. ఎండాకాలం సెలవుల్లో అమ్మాయిని, పెట్టెను తీసుకుని ఆదిలాబాద్ దాకా బస్సులో, అక్కడి నుంచి బండిలో వెళ్లాను.

అల్లుడి ఎదుట అత్త నిలబడదు, మాట్లాడదు. పాడటమంటే ఊరు నవ్విపోతుంది. ఆమె లోపల తలుపు వెనక, నేను బయట అరుగు మీద. మాటలు అమ్మాయి ద్వారా నడిచాయి. ఇద్దరికీ అన్నీ వినిపిస్తూనే ఉన్నా, అమ్మాయి వాటిని ఇటు నుంచి అటు మోయాల్సిందే.

"మీ బాపునడుగు బిడ్డా, ఇంత దూరం గా పెట్టె ఎందుకు మోసుకొచ్చిండ్రో."

"ఆజీ అడుగుతున్నది, పెట్టె ఎందుకని."

"మీ అవ్వ ఇసిరేటప్పుడు పాడిన పాట కావాలని చెప్పు."

లోపలి నుంచి అత్త అంది.

"గది పాటనా? ఇసురుకుంట మూలుగుడు. మీ బాపు సదువుకున్నోడు, ఆయనకెందుకు గిసొంటియి?"

"నాకు కావాలె ఆజీ" అంది అమ్మాయి. ఆ మాట నేను చెప్పమన్నది కాదు.

జొన్నలు పోసిన చప్పుడు వినిపించింది. రాయి కదిలింది. మొదట గొణుగుడులా ఉన్న గొంతు రాయి తిరిగిన కొద్దీ విడివడింది. ముసలి గొంతు, కింద నుంచి వస్తోంది. కూతురి పేరు పెట్టి పాడింది. పెన్‌గంగ విడిచి పోయిన బిడ్డ, తిరిగి రాని బిడ్డ. ఆ మాత్రం మరాఠీ నాకు అప్పటికి అర్థమవుతోంది. నేను మెట్లు ఒక్కొక్కటే నొక్కి చూశాను. పాట ఒక్క మెట్టు చుట్టూనే తిరుగుతోంది. కొంచెం పైకి పోతుంది, కొంచెం కిందికి దిగుతుంది, మళ్లీ అక్కడికే. గుమాస్తా చూపించిన రెండో ఇల్లు అది. దొరికిందనుకున్నాను. మొదటి పట్టు నొక్కాను, ఫరవాలేదు. రెండో దాని మీదికి పోగానే పాటా పెట్టే విడిపోయాయి. మూడోది ఇంకా అన్యాయం. ఆమె పాట ఎక్కడికీ కదలదు. నా పట్లు ఒక్కచోట నిలవవు. వరుస మార్చి చూశాను, ఆలస్యం చేసి చూశాను. ఏదీ కలవలేదు.

లోపల రాయి ఆగింది.

"మీ బాపుకు చెప్పు. గిది మా పాట. దానిది గిట్ల లేకుండె."

"మా అవ్వది ఎట్లుంటుండె?"

"పెండ్లయి పోయినంక ఓపారి వచ్చింది గద, నీళ్లాడెటందుకు. నువ్వు దాని కడుపులున్నవు. నా తోని ఇసురుడుకు కూసున్నది. పాడుతుంటె పాట యాడికో గుంజుకపోతున్నది, నాకు అందుతలేదు. గిదేందే, గిట్ల ఎవలు నేర్పిండ్రు అన్న. ఆయన పెట్టె గట్లనే పోతది ఆయీ, దాని ఎంబడి మనమే పోవాలె అన్నది. నవ్వింది. ఇగ నాకు గట్లనే వస్తున్నది, నీ తీరు మర్సిపోయిన అన్నది."

అమ్మాయి దీన్ని నాకు మళ్లీ చెప్పడానికి బయటికి వచ్చింది. విన్నానులే అన్నాను.

అన్నాళ్లూ నేను తలకిందులుగా వెతికాను. పాట ముందు పోయింది, పట్లు వెనక పోయాయి, కాబట్టి పట్లలో పాట గుర్తులు ఉంటాయనుకున్నాను. ముందు పోయింది పట్లే. అవి నేను మిషన్ బడిలో పొద్దున ప్రార్థన దగ్గర నేర్చుకున్నవి, ఆ వరుసలోనే. టికెట్ల గుమాస్తా చేతులు వాటిని ఎక్కడికి తీసుకుపోయాయో అదే వాటి ఇల్లు. ఆయన లెక్క సరైనదే. అది ప్రార్థన ఇల్లు. ఆమె తన తల్లి పాటను పట్టుకుని రోజూ ఆ నాలుగు పట్ల మధ్య దారి చేసుకుంటూ పోయింది. ఎప్పుడు ఒరిగిందో, దేని మీద కాలు పెట్టిందో పట్లు చెప్పవు. తల్లి పాట చెప్పదు. ఆ పాట ఆ రెంటిలోనూ లేదు.

మర్నాడు బయలుదేరే ముందు అత్త లోపలి నుంచి అడిగించింది, ఆయన పెట్టె ఒకసారి ఒట్టిదే వాయించమని. వాయించాను. రాయి కొంచెం కదిలింది. ఆమె అందుకోవడానికి చూసింది. ఒక మాట అన్నది, ఆగింది. మళ్లీ అన్నది, మళ్లీ ఆగింది. నేను నాలుగు పట్లూ మళ్లీ మొదటి నుంచి తిప్పాను.

"నాతోని కాదు బిడ్డా. దానికి సందు దొరికేది. నాకు దొరుకుతలేదు."

తర్వాత పాట లేకుండా విసిరింది, గింజలు అయిపోయేదాకా. ఆ పిండితోనే రొట్టెలు చేసి బండి ఎక్కేముందు మాకు పెట్టింది. పచ్చిమిరపకాయల కారం వేసింది. అమ్మాయి రెండు రొట్టెలు తిన్నది.

బస్సులో అమ్మాయి, "అవ్వ పాట దొరకదా బాపూ?" అని అడిగింది. దొరకదు అన్నాను. అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అత్త మరుసటి ఏడు పోయింది.

కొన్నాళ్లు నేను ఒక్కణ్ణే వాయించి చూసేవాణ్ణి. చేతులు పాట లేకుండా వాయించడానికి అలవాటు పడ్డాయి. అలవాటు పడ్డాక తొందరపడ్డాయి. ఏ పట్టు మీద ఎంతసేపు ఉండాలన్నది ముందు పోయింది. ఇప్పుడు మూడోది ముందా, నాలుగోది ముందా అన్న అనుమానం వస్తోంది. రెండు విధాలా వాయించి చూస్తే రెండూ సరిగానే ఉన్నట్టుంటాయి.