ఐసు ఖర్చు కూడా పార్టీదే

ఆ రోజుల్లో నాకు నేనో పెద్ద మేధావినని గట్టి నమ్మకం. (డిగ్రీ చేతికొచ్చి నెల కూడా కాలేదు.) బందరులో ఒక సర్వే సంస్థవాళ్ళు నెల రోజులు పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. మా అమ్మ ఆగలేక, ఉద్యోగం వచ్చేసిందని చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పేసింది. ఖాయం కాకపోతే ఇక ఆదివారాలు నేను ఇల్లు కదలలేను.

రాజకీయ పార్టీలకు విరాళాలు ఎవరివ్వచ్చు, మనుషులా, కంపెనీలా, ప్రభుత్వమా అన్నది సర్వే. నాగాయలంకలో బస్సు దిగి రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్ళాను. ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదివితే పల్లెటూరివాళ్ళకు బోధపడదని జాలిపడి, గట్టు మీద మేత బస్తాలు దింపిస్తున్న పెద్దాయన్ని సులువుగా అడిగాను. "పార్టీకి డబ్బు ఎవరివ్వాలి మావయ్యగారూ?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "పార్టీకి మనమివ్వడమేంటమ్మా? పార్టీయే మనకిస్తాడు. ముందు కొంత చేతిలో పెడితేనే మాట."

అలా తీసుకోవడం తప్పు కాదా అని గొంతు తగ్గించి అడిగాను. తప్పేముంది, ఇవ్వకపోతే ఇంకో పార్టీకి వేస్తామన్నాడు. ఐసు ఖర్చు కూడా పార్టీదేనట. (ఎండాకాలం ఎన్నికలు కదా, మజ్జిగలోకి కాబోలనుకున్నాను.) పక్క చెరువులవాళ్ళదీ అదే మాట. దేశాన్ని కుదిపేసే నిజం దొరికిందని పొంగిపోతూ అంతా ఫోన్లోనే ఆఫీసుకు పంపాను. పది నిమిషాల్లో మా సూపర్‌వైజర్ గారు ఫోన్ చేశారు. ఆయనది దివిసీమే. అక్కడ పార్టీ అంటే రొయ్యలు కొనేవాడని, మళ్ళీ వెళ్ళి సరిగ్గా అడగమని, ఇంకోసారి ఇలా పంపితే ఉద్యోగం మాట మరిచిపొమ్మని చెప్పారు.

తల వంచుకుని వెనక్కి వెళ్ళి, ఈసారి ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. పెద్దాయనకు ప్రతి ముక్కా బోధపడింది.

"ఆ పార్టీలా? ఎవరిచ్చినా ఒకటేనమ్మా. అడ్వాన్సు ఇచ్చినోడు ఊరుకుంటాడా? సరుకు వాడికే తోలాలి. ఎవడిచ్చాడో ముందే అందరికీ చెప్పమను, చాలు."

ఆ మాట ఫారంలోని ఏ గడిలోనూ పట్టలేదు. సొంత తెలివి చూపిస్తే ఉద్యోగం పోతుందన్న భయంతో 'తెలియదు' అన్న గడిలో టిక్కు పెట్టేశాను. ఉద్యోగం ఖాయమైంది, అమ్మ సాక్ష్యం నిలబడింది. ఇప్పుడు ఆ ప్రశ్నలు తయారుచేసేది నేనే. 'తెలియదు' అన్నవాళ్ళు ఎక్కువైనప్పుడల్లా జనానికి అవగాహన లేదని రిపోర్టు మొదలుపెట్టి, ఆయన గుర్తొచ్చి కొట్టేస్తాను. ఆ రోజు తెలియనిది నాకే. కానీ అడిగేవాళ్ళ కోసం ఫారంలో గడి ఉండదు కదా!