మూడు ఊళ్ల అక్షరాలు

నేను కంప్యూటర్లో తెలుగు అక్షరాలు గీస్తాను. తెనాలిలో ఈ మాట చెబితే ముందు పెళ్లికార్డులా అని అడుగుతారు, కాదంటే జాలిపడతారు. కొన్నేళ్ల కిందట మొదలుపెట్టిన ఫాంటు సంగతి మరీ వింత. లావుగా, ఎక్కడా మొన లేకుండా, గీత మొదలూ చివరా వేలికొసలా గుండ్రంగా ఉండాలని నా పట్టుదల. "తెలుగక్షరం పుట్టడమే గుండ్రంగా పుట్టింది కదండీ, మీరు కొత్తగా చేసేదేంటి?" అని ఫ్లెక్సీ షాపాయన నవ్వాడు.

ఆయనకి చెప్పినా వినడు కాబట్టి ఇక్కడ చెబుతాను. గీత లావెక్కే కొద్దీ అక్షరం కడుపులో ఖాళీ పూడుకుపోతుంది. గుడి ఉండ కడుతుంది. కింద వేలాడే వత్తుకి చోటు చాలదు. మనిషి బొద్దుగా ఉండాలి, ఊపిరీ ఆడాలి. అందుకని తలకట్లు పొట్టి చేశాను, వత్తుల్ని కాస్త కిందికి దించాను, లోపలి ఖాళీలు పెంచాను. చెరిపిందే ఎక్కువ.

పరీక్షకి తెనాలి, బాపట్ల, రేపల్లె అనే మూడు మాటలు ఎంచుకున్నాను. ఏత్వం, గుడి, లవత్తు, నన్ను ఏడిపించేవన్నీ వాటిలోనే ఉన్నాయి. చదివిపెట్టింది రేపల్లెలో ఒక్కతే ఉండే మా మేనత్త. ఆవిడ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, నేను కాగితం పట్టుకుని ముందు గేటు దగ్గర, తర్వాత ఎదురింటి గోడ దగ్గర, ఆఖరికి వీధి చివర నిలబడేదాన్ని.

ఈ చదువుతో ఆవిడకీ పని ఉంది. బాపట్లలో ఉండే కొడుకు, అంటే మా బావ, అమ్మకి చూపు తగ్గింది, ఇక ఒంటరిగా బస్సెక్కొద్దు, నా దగ్గరికి వచ్చెయ్యాలి అని పట్టుబట్టాడు. "బోర్డు చదవగలిగినన్నాళ్లూ నా బస్సు నేనే ఎక్కుతాను" అని ఆవిడ జవాబు. మా ఇంటికొకసారి, కొడుకింటికొకసారి వెళ్లి, మళ్లీ తన తాళం తను తీసుకోవడం ఆవిడకి ప్రాణం. నేను రేపల్లె వెళ్లినప్పుడల్లా బావ ఫోన్ చేసి ఎక్కడిదాకా చదివిందని అడిగేవాడు. వీధి చివరిదాకా అని గర్వంగా చెప్పేదాన్ని. ఆ గర్వంలో సగం ఆవిడ గురించి, సగం నా అక్షరాల గురించి.

ఫాంటు బయటికొచ్చింది. పిల్లల పుస్తకాల కోసం గీసినదాన్ని ఊరు తనకి తోచినట్టు వాడుకుంది. టిఫిన్ సెంటరు, ఐస్‌క్రీం బండి, ఆటో వెనక అద్దం, బియ్యం బస్తా. పుట్టినరోజు ఫ్లెక్సీల్లో దానికి రంగురంగుల అంచులు కట్టి పక్కకి సాగదీశారు. పెద్దకర్మ ఫ్లెక్సీ మీద శ్రద్ధాంజలి కూడా అందులోనే. పోయినాయన మీసాల కింద అది కేకు మీద రాసినట్టుంది. నాకు ఒళ్లు మండింది. షాపాయన్ని అడిగితే, "దూరానికి కనపడుద్దండి, అంతకంటే ఏం కావాలి?" అన్నాడు.

ఈ మధ్య అత్తయ్యకి కానుకగా ఆవిడ పేరునే పెద్దగా అచ్చువేసి తీసుకెళ్లాను. మూడక్షరాల పేరు, చివర ఒక వత్తు. గేటు దగ్గరే నిలబడి చూపించాను.

"బాపట్ల" అంది వెంటనే.

వేళాకోళమేమో అనుకుని రెండడుగులు ముందుకొచ్చాను.

"బాపట్లేనే. ఎన్నిసార్లు చదివిస్తావు?"

"అది నీ పేరు అత్తయ్యా."

ఆవిడ కొంగు సర్దుకుంది. అక్షరాలు ఆవిడకి కనబడక చాలాకాలమైందని నాకప్పుడు అర్థమైంది. కాగితం మీద నల్లటి మసక ఒకటి కనిపిస్తుంది. కింద ఏమీ వేలాడకపోతే తెనాలి. చివర వేలాడితే బాపట్ల. వేలాడుతూ పైన కూడా ఏదో లేస్తే రేపల్లె. నేను ఎన్నడూ నాలుగో మాట చూపించలేదు. సిగ్గేసింది. ఆవిడ ఒక్కతే రోడ్డు దాటిన రోజులు తలుచుకుంటే భయం కూడా వేసింది.

"మరి బస్సులెలా ఎక్కుతున్నావు?"

"ఎక్కుతున్నాగా."

ఇంతలో అలవాటు ప్రకారం బావ ఫోన్ వచ్చింది. అది మోగుతుంటే ఆవిడ నా వైపు తిరిగింది.

"నిజమే చెప్పు. అబద్ధం ఆడమనను. కానీ ఈ ఒక్కసారి నన్ను ఒంటరిగా వాడి దగ్గరికి వెళ్లనిచ్చి చెప్పవే."

నేను ఎత్తలేదు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

ఆవిడ చేతిసంచి సర్దుకుని, తలుపు తాళం వేసి బయల్దేరింది. బస్టాండుదాకా కాస్త వెనకగా నడిచాను. అక్కడ బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. ఆవిడ ఒక్క బోర్డు వంక కూడా తలెత్తలేదు. స్తంభం పక్కన నిలబడి వింది. ఒక కండక్టరు బాపట్ల, బాపట్ల అని కేకేశాక, గొంతు వచ్చిన వైపు నడిచి, కమ్మీ తడిమి పట్టుకుని ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని, నేనెక్కడున్నానో తెలియక, ఊరికే బయటికి చెయ్యి ఊపింది.

బస్సు కదిలాక ఫోన్ చేశాను.

"అత్తయ్య వస్తోంది బావా. అక్షరాలు కనబడటం లేదు, నేను చెప్పింది తప్పు. నువ్వు ముందే స్టాండుకి వెళ్లి ఉండు. దిగేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకోకు. పలకరించు చాలు, గొంతు విని తనే వస్తుంది."