యుద్ధం రోజుల్లో నేను వెతికిన మనిషి

సరిహద్దులో యుద్ధం మొదలైన ఆ వారం మా ఆత్మకూరు కోర్టులో కేసుల గురించి మాట్లాడుకున్నవాళ్ళు తక్కువ. ఎవరి చేతిలో చూసినా ఫోనే. డ్రోన్లు వచ్చాయట, కూల్చేశారట, ఇవే కబుర్లు. నేను నల్లకోటు వేసుకుని అప్పటికి ఏడాది. మా సీనియర్ తరఫున వాయిదాలు అడగడం తప్ప జడ్జిగారి ముందు నోరు విప్పింది లేదు.

ఆ వారంలో ఒక ఉదయం కోర్టు వరండాలో నా పక్కన ఒకావిడ కూర్చుంది. ఉదయగిరి నుంచి తన అన్నను వెంటబెట్టుకుని వచ్చింది. వేరే లాయరుగారి కోసం చూస్తూ తన సంగతి నాకు చెప్పింది. ఆమె భర్త పెళ్ళి వీడియోలు తీస్తాడు. మొన్న కొండమీది కోట దగ్గర, పెళ్ళి కాబోయే ఒక జంటను డ్రోన్‌తో తీస్తున్నాడు. కింద చూసినవాళ్ళు శత్రువుల డ్రోన్ అని గోల చేశారు. అతను దిగి వచ్చేసరికి జనం పోగయ్యారు. భయపడి భార్యకు ఫోన్ చేసి ఉర్దూలో మాట్లాడాడు. అది విని గూఢచారి అన్నారు. ఆ జంట ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. పోలీసులు జీపులో ఎక్కించుకుపోయారు. అంతే, ఆ తర్వాత జాడ లేదు. ఏ స్టేషన్లో అడిగినా మా దగ్గర లేడంటున్నారు.

"తప్పు చేసుంటే శిక్ష వెయ్యమనండి మేడమ్. మనిషి ఎక్కడుండాడో చెప్తే చాలు" అంది.

వాళ్ళ లాయరుగారు వెంటనే పిటిషన్ వేశారు. అరెస్టు చేసిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, ఎందుకు పట్టుకున్నారో అతనికి చెప్పాలి, లాయరును కలవనివ్వాలి. శత్రుదేశం మనిషికి ఈ హక్కులు లేవని రాజ్యాంగమే అంటుంది. కానీ ఉదయగిరిలో పుట్టి ఉదయగిరిలో ఓటు వేసేవాడు శత్రుదేశం మనిషి ఎలా అవుతాడని ఆయన అడిగారు. మేజిస్ట్రేటుగారు అంతా విని, జీపు వెళ్ళిన దారిని బట్టి అతన్ని ఉంచారని అనుమానమున్న స్టేషన్‌ను సోదా చేసి, అక్కడ ఉంటే తన ముందుకు తీసుకురావడానికి కోర్టు తరఫున ఒక లాయరును కమిషనర్‌గా వేస్తానన్నారు. ఎవరు వెళ్తారని అడిగితే ఎవరూ ముందుకు రాలేదు. నేను లేచి నిలబడ్డాను. ఎలా లేచానో నాకే తెలియలేదు. భయపడుతూనే ఆర్డరు అందుకున్నాను.

మా నాయన మిలిటరీలో చేసి రిటైరయ్యాడు. ట్రాక్టరు సామాను కోసం కలిగిరి నుంచి ఆ రోజే ఆత్మకూరు వచ్చాడు. అంతకు ముందురోజు టీవీలో గూఢచారులు దొరికారన్న వార్త చూస్తూ, ఇట్టాంటోళ్ళకు కోర్టులెందుకని తిట్టిపోసిన మనిషే. సంగతి చెప్తే మొహం ముడుచుకున్నాడు. ఆర్డరు చూపించాను. చదివి బండి స్టార్ట్ చేశాడు. దారి పొడుగునా గాలికి నా కోటు రెపరెపలాడుతుంటే భయం పోయి ఒకటే ఉత్సాహం. ఎప్పుడు చేరతామా అని నాయన భుజం మీదుగా తొంగి చూస్తూనే ఉన్నాను.

అది ఏ స్టేషనో చెప్పను. అక్కడివాళ్ళు కొందరు ఇప్పటికీ నన్ను పలకరిస్తారు. స్టేషన్ రాతకోతలు చూసే రైటరు తలెత్తకుండానే, అట్టాంటి మనిషి ఎవరూ లేరన్నాడు. ఆర్డరు బల్లమీద పెట్టి, గదులన్నీ చూడాలన్నాను. ఎస్సై బయటికి వచ్చాడు. నన్ను వదిలేసి నాయన వైపు తిరిగాడు. నాయన నిలబడిన తీరు చూసి కనిపెట్టినట్టున్నాడు.

"మీరు మిలిటరీ మనిషి కదా సార్. యుద్ధంలో ఇవన్నీ చూస్తా కూర్చుంటే అయ్యే పనేనా? మీ పాపకు మీరన్నా చెప్పండి."

నాయన బల్లమీది ఆర్డరును ఎస్సై ముందుకు జరిపాడు.

"అవతలి దేశం సిపాయి దొరికినా పేరు రాసుకొని పైకి చెప్పాల. మాకు నేర్పించింది అదే" అన్నాడు. "మనూరోణ్ణి దాచిపెట్టేదేంది? తలుపు తియ్యండి."

ఎస్సై పక్కకు తప్పుకున్నాడు. వెనక సామాన్ల గదిలో పాత టైర్ల పక్కన అతను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్ళకు చెప్పులు లేవు, పెదాలు ఎండిపోయాయి. కోర్టు పంపితే వచ్చానని చెప్పాను. గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"కోట దగ్గర నేను తీసిన జంటకు రేపు వింజమూరులో పెళ్ళి. అడ్వాన్సు కూడా తీసుకున్నాను. నేను రాలేనని వాళ్ళకెవరన్నా చెప్పినారా?" అని అడిగాడు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొట్టారా అని అడిగితే లేదన్నాడు. ఎందుకు పట్టుకున్నారో మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదన్నాడు. అదంతా రాసుకుని సంతకం చేయించుకున్నాను. పోలీసుల జీపులో అతను, వెనకే మా బండి. జీపు కనుమరుగు కాకుండా నాయన బండిని అంత వేగంగా తోలడం నేనెప్పుడూ చూడలేదు.

మేజిస్ట్రేటుగారు కోర్టు ముగిసినా మాకోసం కూర్చునే ఉన్నారు. అనుమానం వస్తే విచారించండి, తప్పు పట్టను, కానీ నాకు చూపించకుండా మనిషిని దాచే అధికారం ఎవరికీ లేదని పోలీసులతో అన్నారు. డ్రోన్ తీసిన వీడియోలో కోట మెట్లమీద చేతులు పట్టుకుని నడిచే జంట తప్ప ఏమీ లేదు. అనుమతి లేకుండా ఎగరేసినందుకు కేసు పెట్టి, భార్య అన్న జామీను మీద ఆ సాయంత్రమే వదిలిపెట్టారు. భార్య తన చెప్పులు విప్పి అతని ముందు పెట్టింది. అతనికి అవి చిన్నవయ్యాయి. అయినా తొడుక్కుని నడిచాడు.

మర్నాడు బార్ రూములో ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడలేదు. ఒక పెద్దాయన మాత్రం, వాడు నిజంగానే గూఢచారి అయ్యుంటే ఏం చేసేదానివమ్మాయ్ అని అడిగారు.

"అప్పుడైనా పోయి తీసుకొచ్చేదాన్ని సార్. గూఢచారా కాదా తేల్చాల్సింది కోర్టే కదా" అన్నాను.

ఆయన తన పక్కనున్న కుర్చీ జరిపి కూర్చోమన్నారు. ఏడాదిగా ఆ గదిలో నాకు ఎవరూ కుర్చీ జరపలేదు.